మూడో రోజు కాగితం

ఆ బుధవారం పొద్దున ఆరున్నరకి టైలరమ్మ కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తీసి మడత పెడుతోంది. ఇంట్లో రోజూ వినిపించే చప్పుళ్ళన్నీ వినిపిస్తున్నాయి. బాత్రూంలో కొడుకు గొంతు సవరించుకుంటున్నాడు. ముందు గదిలో కోడలు క్లినిక్ కుర్చీలు సర్దుతోంది. వంటింట్లో టీ నీళ్ళు మరుగుతున్నాయి. ఒక్క చిట్టి గొంతే లేదు. రోజూ ఈపాటికి నా సాక్సులేవీ, నా కార్డేదీ అంటూ ఇల్లు పీకి పందిరేసే పిల్ల.

చిట్టి బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ హాల్లో పనిచేస్తుంది. ఇరవయ్యారేళ్ళు. ఏడేళ్ళుగా అదే ఉద్యోగం. జలుబు చేసినా ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళిపోయే రకం. అలాంటిది సోమవారం వికారంగా ఉందని ఆగిపోయింది. మంగళవారం బొడ్డు చుట్టూ నొప్పి అంది, తిన్నదంతా కక్కుకుంది. "గ్యాసేలే అమ్మా, ఒక రోజు పస్తుంటే అదే పోతుంది" అని గోడవైపు తిరిగి పడుకుంది.

టైలరమ్మ గదిలోకి వెళ్ళి చూసింది. కూతురు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది.

"ఎలా ఉందే?"

"బానే ఉంది."

"బానే ఉంటే లేచి నిలబడు, చూస్తాను."

చిట్టి లేవబోయి, ఎడమవైపు పొత్తికడుపు పట్టుకుని మళ్ళీ కూలబడింది. "కొంచెం పట్టేసినట్టుంది. మధ్యాహ్నానికి తగ్గుతుందిలే."

అంతలో ఫోను మోగింది. ప్యాకింగ్ హాలు సూపర్వైజరు. అందరూ ఆవిణ్ణి లైన్ మేడమ్ అంటారు. చిట్టి స్పీకర్ నొక్కి ఫోను దిండు మీద పడేసింది.

"ఇవాళ కూడా రావట్లేదా చిట్టీ?"

"లేవలేకపోతున్నా మేడమ్."

"చూడమ్మా, రెండు రోజులు నీ నోటిమాట మీద సెలవిచ్చాను. మూడో రోజు నుంచి డాక్టరు కాగితం ఉండాలి. లేకపోతే అది సెలవు కాదు, గైర్హాజరు. నీ ఫైల్లో పోయినేడాది మెమో ఒకటి కూచుని ఉంది. రెండోది పడిందంటే లైన్ లీడరు పోస్టుకి నీ పేరు నేను రాయలేను. నీ తర్వాత చేరినవాళ్ళు నీ మీద లీడర్లవుతారు. సాయంత్రం ఐదులోపు కాగితం పంపు. అయినా నీకేం కష్టం, ఇంట్లోనే డాక్టరుందిగా!"

ఆవిడ ఫోను పెట్టేసింది. ఆ ఆఖరి ముక్కే తల్లీకూతుళ్ళిద్దరికీ చురుక్కుమంది.

పోయినేడాది సంగతి అది. స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళి చిట్టి నాలుగు రోజులుండిపోయింది. తిరిగొచ్చి వదినని జ్వరమని ఒక కాగితం రాసిమ్మంది. వదిన రాయనంది. అంతటితో ఆగినా పోయేది. రోజంతా పేషెంట్లతో వేగి ఉందేమో, "నీకేం రోగం, గుండ్రాయిలా ఉన్నావు" అనేసింది. మెమో వచ్చింది. ఆ రోజు నుంచీ ఒకే బల్ల దగ్గర తింటున్నా వదినా మరదళ్ళ మధ్య "ఉప్పు ఇటివ్వు" అనే మాట తప్ప ఇంకో మాట లేదు.

"నేను అడుగుతానుండు" అంది టైలరమ్మ.

"వద్దు. అడిగి లేదనిపించుకోవడం నాకిష్టం లేదు."

"నీకు ఇష్టం లేకపోతే నాకుంది" అని టైలరమ్మ ముందు గదిలోకి నడిచింది.

ఆ గది ఒకప్పుడు ఆవిడ కుట్టు గదే. వీధివైపు వెలుతురు బాగా పడుతుందని, పేషెంట్లు లోపలిదాకా రానక్కర్లేదని, పెళ్ళయి వచ్చిన ఏడాదికే కోడలికి ఖాళీ చేసి ఇచ్చింది. ఇప్పుడు మిషను వంటింటి పక్క వసారాలో ఉంది.

"అమ్మా, ఒక చిన్న కాగితం ముక్క కావాలి" అంది.

కోడలు తలెత్తింది. "ఎవరికి అత్తయ్యా?"

"చిట్టికి. మూడ్రోజులు జ్వరం అని రాసెయ్, చాలు."

"జ్వరం ఉందా?"

"ఉందో లేదో. ఒంట్లో అయితే బాగాలేదు. కడుపులో నొప్పంటోంది. ఏదో ఒకటి రాయాలిగా!"

"రమ్మనండి. చూసి, ఏముంటే అదే రాస్తాను."

"అది రాదు."

"అయితే నేనే వస్తాను, పదండి." కోడలు లేచింది.

ఈలోపే చిట్టి గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసింది. ముఖం పాలిపోయి ఉంది గానీ గొంతులో పదును తగ్గలేదు. "నన్నెవరూ చూడక్కర్లేదు. నేను నాటకమాడుతున్నానో లేదో తేల్చడానికేగా చూసేది?"

"చిట్టీ, నేనలా అనలేదు."

"పోయినేడాది అన్నావుగా! గుండ్రాయికి కాగితాలెందుకు వదినా?"

కోడలి ముఖం వాడిపోయింది. అప్పుడే కొడుకు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. లిఫ్టు మెకానిక్ అతను. ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉండాలి. "పొద్దున్నే ఏమిటీ గొడవ? రాసిచ్చేయరాదూ, ఒక్క లైనే కదా" అన్నాడు భార్యతో.

కోడలు సొరుగులోంచి లెటర్‌హెడ్ తీసి అతని కళ్ళ ముందు పెట్టింది. "ఈ లైను చదవండి. 'ఈ వ్యక్తిని నేను స్వయంగా పరీక్షించాను.' అచ్చేసి ఉంది. దీని కింద నేను సంతకం పెట్టాలి. మీరు లిఫ్టు తలుపు కూడా తెరవకుండా అంతా బాగానే ఉందని సంతకం పెట్టి వచ్చేస్తారా?"

అతను పక్కకి తప్పుకున్నాడు. టైలరమ్మకే ఒళ్ళు మండింది.

"లిఫ్టూ నా కూతురూ ఒకటేనా? ఈ వీధిలో ఎవరికి కావాలంటే వాళ్ళకి రాస్తావు. ఇంటి పిల్ల దగ్గరికొచ్చేసరికి నీకు రూళ్ళు గుర్తొస్తాయి."

"వాళ్ళొచ్చి ఆ కుర్చీలో కూచుంటారు అత్తయ్యా. చూసే రాస్తాను. నాకు ఐదు నిమిషాలివ్వండి, అంతే."

"నాకొద్దు. చచ్చినా వద్దు" అంది చిట్టి. అని, వచ్చినట్టే గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

టైలరమ్మ ఆ నడక చూసి కోడలి వైపు తిరిగింది. అప్పుడు అనకూడని మాట నోరు జారింది. "నువ్వు కూచున్న ఈ గది నాది. నీ బోర్డు పెట్టుకోమని నా మిషను మోసుకెళ్ళి వసారాలో పెట్టుకున్నాను. గదిచ్చిన దానికి ఒక కాగితం ఇవ్వలేకపోయావు కదే!"

కొడుకు "అమ్మా!" అన్నాడు. కోడలు కళ్ళు వాల్చుకుని కాగితం సొరుగులో పెట్టేసింది. వీధి తలుపు తీసి, బయట నిలబడ్డ మొదటి పేషెంటుని లోపలికి రమ్మంది.

* * *

నువ్వు కాకపోతే ఊళ్ళో డాక్టర్లే లేరా అనుకుంది టైలరమ్మ. చెప్పులేసుకుని విసవిసా బయల్దేరింది.

రెండు వీధులవతల ఒక మందుల షాపు, దాని వెనకాల ఒక చీకటి గది ఉన్నాయి. సెలవు కాగితాలకి ఆ గది బాగా పేరు పడింది. ముందు పదిమంది ఉన్నా పది నిమిషాల్లో ఆవిడ వంతు వచ్చేసింది. లోపల కళ్ళజోడు పెట్టుకున్న మనిషి తలెత్తకుండానే అడిగాడు. "ఎన్ని రోజులు?"

"మూడు. నాక్కాదు, మా అమ్మాయికి."

"వయసు?"

"ఇరవయ్యారు. దానికి కడుపునొప్పి బాబూ, రెండ్రోజులుగా..."

"కడుపునొప్పంటే ఆఫీసువాళ్ళు వంద ప్రశ్నలేస్తారు. జ్వరమంటే ఎవరూ అడగరు." గిలికేసి, టపామని ముద్ర కొట్టి, ఫీజు సొరుగులో వేసుకుని కాగితం ఇటు తోశాడు. "నెక్స్ట్!"

మొదట టైలరమ్మకి భలే సంతోషమేసింది. చూశావా, ఇంతేగా, దీనికి అంత రామాయణమా అని మనసులోనే కోడలితో దెబ్బలాడుకుంటూ నడిచింది. వీధి మలుపులో నీడ పట్టున ఆగి, కాగితం విప్పి చదువుకుంది. వయసు అరవై రెండు అని ఉంది. "ఇతను మూడు రోజులుగా తీవ్రమైన జ్వరంతో బాధపడుతున్నాడు" అని ఉంది.

నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది ఆవిడ. ఎంత తొందరైనా, ఎంత తెలిసిన మనిషైనా, టేపు పెట్టి చూడకుండా గుడ్డ మీద కత్తెర వెయ్యలేదు. "పాత కొలతలే, కుట్టెయ్యండి" అంటే "మనిషిని పంపండి, చూస్తా" అని వెనక్కి పంపిన రోజులెన్నో. ఇప్పుడు చేతిలో ఉన్నది ఎవడో తన కూతుర్ని చూడకుండా, తన మాటైనా వినకుండా కుట్టిపారేసిన గుడ్డ. ఇందులో చిట్టి ఎక్కడుంది? చిట్టి నొప్పి ఎక్కడుంది?

గోడ పట్టుకుని నడిచిన కూతురు కళ్ళ ముందు మెదిలింది. టైలరమ్మ కాగితం మడిచి సంచిలో కుక్కి, పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది.

చిట్టి మంచం మీద లేదు. వంటింట్లో నేల మీద, మంచినీళ్ళ గ్లాసు పక్కన ఒరిగిపోయి ఉంటే, ముడుచుకుపోయి పడి ఉంది. జుట్టంతా చెమటతో తడిసి నుదుటికి అంటుకుపోయింది. రెండు చేతులూ ఎడమవైపు పొత్తికడుపుకి అదిమి పట్టుకుంది.

"అమ్మా, తట్టుకోలేకపోతున్నానే" అంది. చిట్టి పుట్టిన తర్వాత దాని నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారి.

టైలరమ్మ ఇంకేం ఆలోచించలేదు. క్లినిక్ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. కుర్చీల్లో ఏడెనిమిది మంది ఉన్నారు. అందరూ వింటుండగానే అంది. "అమ్మా! నేనన్నది తప్పు. నన్ను తర్వాత ఎన్నైనా తిట్టు. ముందు దాన్ని చూడు."

కోడలు చేతిలో పెన్ను అక్కడే వదిలేసి పరిగెత్తింది.

కొడుకు ఇంకా బయల్దేరలేదు. గొడవ జరిగిన దగ్గర్నుంచీ కాళ్ళాడక వసారాలోనే కూచున్నాడు. ముగ్గురూ కలిసి చిట్టిని మంచం మీదికి చేర్చారు. వదిన పక్కన కూచోగానే చిట్టి కళ్ళు తెరిచింది.

"వదినా... నాటకం కాదు."

"తెలుసు. మాట్లాడకు. నొప్పి మొదట ఎక్కడొచ్చింది?"

"బొడ్డు చుట్టూ. పొద్దుటి నుంచి ఇక్కడికి దిగింది."

కోడలు కుడివైపు నొక్కింది. చిట్టి పలకలేదు. ఎడమవైపు మెల్లగా నొక్కి, చటుక్కున చెయ్యి తీసింది. చిట్టి కెవ్వుమంది. కోడలి నుదురు ముడిపడింది. "ఎడమవైపా" అని తనలో తనే గొణుక్కుంది. ఎడమవైపు ఇలా ఉండకూడదన్నట్టు మళ్ళీ ఒకసారి చూసింది. తర్వాత మెడలోంచి స్టెతస్కోపు తీసి చెవులకి పెట్టుకుని, గుండె దగ్గర ఆనించింది.

కాసేపు విని, ఇంకొంచెం జరిపింది. మళ్ళీ జరిపింది.

"ఆ ఫ్యాను కట్టెయ్యండి. కిటికీ మూసెయ్యండి" అంది.

కొడుకు ఫ్యాను ఆపి కిటికీ మూశాడు. వీధి చప్పుడు ఆగిపోయింది. కోడలు ఊపిరి బిగపట్టి వింటోంది. స్టెతస్కోపు ఎడమ నుంచి మెల్లగా మధ్యకొచ్చింది. మధ్య నుంచి కుడివైపుకి జరిగింది. అక్కడికొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. తలెత్తి చిట్టి ముఖంలోకి, ఎప్పుడూ చూడని మనిషిని చూస్తున్నట్టు చూసింది.

టైలరమ్మ ముందుకి వంగింది. "ఏమైందమ్మా? గుండె కొట్టుకోవట్లేదా?"

"కొట్టుకుంటోంది అత్తయ్యా." కోడలి గొంతు గుసగుసలాగ వచ్చింది. "చక్కగా కొట్టుకుంటోంది. కానీ అక్కడ కాదు. ఇక్కడ. కుడివైపు."

కోడలు పక్కటెముకల కింద వేళ్ళతో తట్టి చూసింది. ఒకవైపు విని, రెండోవైపు విని, తల ఆడించింది. "కాలేయం ఎడమవైపుంది. అన్నీ అటువి ఇటు ఉన్నాయి. అద్దంలో మనిషి ఎలా ఉంటాడో అలా పుట్టింది చిట్టి. వేలమందిలో ఎక్కడో ఒకరు ఇలా పుడతారు. అదేం జబ్బు కాదు." అంతలోనే ఆమె గొంతు మారిపోయింది. "అంటే అందరికీ కుడివైపుండే అపెండిక్సు దీనికి ఎడమవైపుంది. ఏవండీ, కారు పిలవండి. ఇప్పుడే. ఆసుపత్రికి వెళ్ళాలి."

కారు వచ్చేలోపు ఆమె మంచం అంచున కూచునే లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాసింది. ఆ వేళ్ళనే చూస్తూ నిలబడింది టైలరమ్మ.

* * *

పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు చిట్టి కడుపు నొక్కి చూశాడు. "నొప్పి ఎడమవైపు కాబట్టి అపెండిక్సు కాదండీ. రాయి ఉండొచ్చు. ఇంజెక్షన్ ఇస్తాం. రేపు పరీక్షలు చేయించండి" అన్నాడు.

"డాక్టర్ గారూ, నేను రాసింది ఒకసారి చదవండి" అంది కోడలు.

అతను చదివాడు. నమ్మనట్టు ముఖం పెట్టి స్టెతస్కోపు చిట్టి ఎడమవైపు పెట్టాడు. తర్వాత కుడివైపు పెట్టాడు. అక్కడే ఉంచి, "సిస్టర్, సర్జన్ గారిని పిలవండి. త్వరగా" అన్నాడు.

తర్వాత అంతా గాలిలా జరిగిపోయింది. ఎక్స్‌రే తీసే ఆయన ఫిల్ము చూసుకుని, "అయ్యో, తిరగేసి తీసినట్టున్నాను" అని నొచ్చుకుని మళ్ళీ తీశాడు. రెండోదీ అలాగే వచ్చింది. అప్పుడు ఫిల్ముని వదిలి పిల్లని చూశాడు, పిల్లని వదిలి ఫిల్ముని చూశాడు. పక్క గదిలో పనిచేసే వాళ్ళని కూడా పిలుచుకొచ్చి చూపించాడు. దీపం పలక మీద ఆ బొమ్మని టైలరమ్మ కూడా చూసింది. పక్కటెముకల మధ్య, తెల్లగా, మూసిన పిడికిలంత మచ్చ. అది కుడివైపుకి ఒరిగి ఉంది. ఆవిడకి అందులో ఏమీ అర్థం కాలేదు. కానీ రెండు చేతులూ తెలియకుండానే దగ్గరికొచ్చి జోడించుకున్నాయి.

స్కానింగు కూడా కోడలు రాసిందే చెప్పింది. జుట్టు నెరిసిన సర్జన్ గారు ఆపరేషన్ గదిలోకి వెళ్తూ, "రోజూ నిలబడే వైపు ఇవాళ నిలబడకూడదన్నమాట" అని నవ్వారు. తలుపు మూసుకుంది.

కొడుకు మందుల కోసం వెళ్ళాడు. అత్తాకోడళ్ళిద్దరే బెంచీ మీద మిగిలారు. చాలాసేపటికి టైలరమ్మ సంచిలోంచి ఆ మడత కాగితం తీసి కోడలి ఒళ్ళో పెట్టింది.

"ఏమిటిది అత్తయ్యా?"

"చదువు. నీమీద కోపంతో తెచ్చిన ఘనకార్యం."

కోడలు చదివింది. "అరవై రెండేళ్ళా? ఇతనా?" అంది.

ఇద్దరూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఆపుకోలేని నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే టైలరమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది.

"నువ్వూ ఇలాగే రాసిచ్చుంటే దాన్ని దుప్పటి కప్పి పడుకోబెట్టేదాన్ని. కాగితం దొరికిందిలే అని నా పని నేను చేసుకునేదాన్ని. ఐదులోపు కాగితం ఫ్యాక్టరీకి చేరేది. పిల్ల..." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గదిచ్చానని దెప్పాను నిన్ను. నా నోటికి పురుగులు పడ."

"అలా అనకండి." కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నాదీ తప్పుంది. పోయినేడాది కాగితం రాయనన్నాను, అది సరే. గుండ్రాయిలా ఉన్నావన్నాను, అదెందుకన్నాను? ఆ మాటకే కదా అది నొప్పి పళ్ళ బిగువున భరించింది, నన్ను ముట్టుకోనివ్వలేదు? మూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. రోజుకి నలభై యాభై మంది గుండెలు వింటాను. నా మరదలి గుండె ఎటుందో నాకు తెలీదు."

"నాకు తెలుసా మరి?" అంది టైలరమ్మ. "నేను కన్నదాన్ని. పాలిచ్చినదాన్ని. పుట్టిన దగ్గర్నుంచీ దాని బట్టలన్నీ నా చేతి కుట్టే. ఛాతీ కొలత ఎంతంటే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఎన్నిసార్లు ఆ పిల్ల ఛాతీ చుట్టూ టేపు తిప్పి ఉంటానమ్మా! టేపు కింద గుండె కొట్టుకుంటూనే ఉండుంటుంది. నాకు తెలీలేదు." ఎదుటి గోడ వైపు చూసింది. "నా కడుపులోనే కదా అది అలా తిరగబడి తయారైంది? చీకట్లో, ఎవరికీ చెప్పకుండా, వేలూ గోరూ పెట్టుకుంటూ... ఒక్క కుట్టు తప్పకుండా, అంతా అటువైపు నుంచి ఇటు. నేనేమో మిషను తొక్కుకుంటూ కూచున్నాను. ఎవరమ్మా కుట్టింది అదంతా?"

కోడలు తల ఆవిడ భుజానికి ఆనించింది. ఆ ఇంట్లో అడుగు పెట్టిన తర్వాత అలా ఆనించడం అదే మొదలు.

నాలుగింటికి తలుపు తెరుచుకుంది. సర్జన్ గారి ముఖం అలిసిపోయి ఉంది గానీ కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా మెరుస్తున్నాయి. "గండం గడిచింది. ఇంకో రెండు మూడు గంటలైతే అది పగిలి లోపలంతా చీము పాకేది" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ముప్ఫయ్యేళ్ళ సర్వీసు నాది. పుస్తకంలో చదివాను తప్ప ఇలాంటి మనిషిని చూడటం ఇవాళే. లోపల అందరం చేతులాపి ఒక్క నిమిషం అలా చూస్తూ ఉండిపోయాం. ఎంత పొందిగ్గా ఉందో! ఇంతకీ కనిపెట్టిందెవరు?" అన్నారు.

"మా కోడలు" అంది టైలరమ్మ. అలా చెప్పుకోవడంలో ఇంత గర్వముంటుందని ఆవిడకి మునుపు తెలీదు.

నాలుగున్నరకి కోడలు బెంచీ మీదే కూచుని ఇంకో కాగితం రాసింది. పరీక్షించానని ఉన్న అచ్చు లైను కింద, అత్యవసర శస్త్రచికిత్స జరిగిందని, మూడు వారాలు విశ్రాంతి కావాలని రాసి సంతకం పెట్టింది. ఫోటో తీసి లైన్ మేడమ్‌కి పంపింది. రెండు నిమిషాల్లో ఫోనొస్తే టైలరమ్మ అందుకుంది.

"అయ్యో, చిట్టికా?" అంది లైన్ మేడమ్. "అమ్మా, నేను పొద్దున్నే కాగితం కాగితం అని పీక్కుతిన్నాను. ఎంత తిట్టుకున్నారో నన్ను!"

"బాగానే తిట్టుకున్నాం" అంది టైలరమ్మ దాపరికం లేకుండా. "కానీ మీరు అడక్కపోతే మేం ఆ ఊసే ఎత్తేవాళ్ళం కాదు. గ్యాసనుకుని ఇంట్లోనే ఉంచేసేవాళ్ళం. మీ రూలుని తిట్టాలో మొక్కాలో నాకిప్పటికీ తెలీట్లేదు మేడమ్."

* * *

మర్నాడు పదింటికి వార్డు కిటికీలోంచి ఎండ పడుతుంటే చిట్టి దిండుకి ఆనుకుని కూచుంది. ముఖంలో కొంచెం రంగొచ్చింది. అప్పటికే లైన్ మేడమ్‌కి తనే ఫోన్ చేసి సంగతంతా చెప్పేసిందట. ప్యాకింగ్ హాల్లో ఆడవాళ్ళందరూ టీ బ్రేకులో చేతులు ఛాతీ మీద పెట్టుకుని, తమ గుండె ఎటుందో వెతుక్కున్నారట. ఒకావిడకి ఎంత వెతికినా దొరక్క కంగారు పడిపోయిందట. చెబుతూ నవ్వబోయి, కుట్లు లాగి "అబ్బా" అంది.

"నవ్వకు. కుట్లు ఊడితే మళ్ళీ కుట్టాలి" అంది వదిన.

"ఇంట్లో టైలరుందిగా!"

వదినా నవ్వింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, "చిట్టీ, ఆ మాట అనకుండా ఉండాల్సింది నేను" అంది.

"కాగితం అడక్కుండా ఉండాల్సింది నేను." చిట్టి దుప్పటి అంచు నలుపుతూ కూచుంది. "ఉద్యోగంలో చేరేటప్పుడు వాళ్ళ డాక్టరు కూడా చూశాడు వదినా. ఎత్తు, బరువు, కళ్ళు, బీపీ. ఫిట్ అని రాసిచ్చాడు. నిన్న నువ్వు చెవి పెట్టి, ఊపిరి కూడా ఆపి విన్నావు చూడు... నన్నెవరూ అంత శ్రద్ధగా వినలేదు. నొప్పిలో కూడా నాకు అదే అనిపించింది."

వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. మంచానికి రెండోవైపు టైలరమ్మ నిలబడి ఉంది. నిన్నటి నుంచీ ఒక మాట ఆవిడ నోటిదాకా వస్తోంది, బిడియమేసి వెనక్కి పోతోంది. చివరికి అడిగేసింది.

"అమ్మా, నేనూ వినొచ్చా?"

కోడలు లేచి స్టెతస్కోపు తీసి, ఆ రెండు కొసలూ అత్తగారి చెవుల్లో జాగ్రత్తగా పెట్టింది. చప్పుళ్ళన్నీ దూరమైపోయాయి. మొదట ఎడమవైపు ఆనించింది. అక్కడ పక్కింట్లో ఎవరో నడుస్తున్నట్టు లీలగా ఏదో వినిపించింది. కోడలు ఆవిడ చేతిని పట్టుకుని మెల్లగా కుడివైపుకి జరిపింది.

ఒక్కసారిగా దగ్గరైంది. లబ్ డబ్. లబ్ డబ్. బలంగా, తొణక్కుండా, ఎవరి అనుమతీ అడక్కుండా. ఇరవయ్యారేళ్ళుగా ఒక్క రోజు సెలవు పెట్టకుండా అది కొట్టుకుంటూనే ఉంది. స్కూలుకి వెళ్ళినా, కోపగించి అన్నం మానేసినా, బిస్కెట్ల పెట్టెలు మోసినా, వంటింటి నేల మీద పడి ఉన్నా. టైలరమ్మ కళ్ళలోంచి నీళ్ళు ధారగా జారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆవిడకి.

చిట్టి తల్లి ముఖంలోకి వింతగా చూసింది. "ఏం వినిపిస్తోందే అమ్మా?"

టైలరమ్మ చెయ్యెత్తి, మాట్లాడొద్దన్నట్టు వారించింది. ట్రాలీతో మందులు తెచ్చిన సిస్టరు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఉండవే," అంది టైలరమ్మ, "ఇంకొంచెం సేపు విననీ."